అది కొనేవారి మాట
‘కారుచౌక’ అంటే మామూలు కంటే బాగా తక్కువ ధర, అమ్మేవారికీ కొనేవారికీ అదే మాట సరిపోతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అది కొనేవారి మాట. మా కోనసీమలో నష్టానికి ధాన్యం అమ్ముకున్న రైతు ‘అయినకాడికి ఇచ్చేశాను’ అంటాడు. 2024-25లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే మా లెక్కలో 75 కిలోల బస్తాకు 1,725. కోతలప్పుడు వాన పట్టుకుని గింజలో తేమ 17 శాతం దాటింది, ఇక ఆ మద్దతు ధర అందే దారి లేదు. కళ్లంలోకి వచ్చిన వ్యాపారి బస్తా 1,350 అన్నాడు. నాన్నగారు చాలాసేపు రాశి మీద బరకం సర్దుతూ ఉండిపోయి, చివరికి తల ఊపారు. గింజ రంగు మారకముందే వదిలించుకోవాలన్న ఆ గాభరా ‘అయినకాడికి’లో వినిపిస్తుంది, ‘కారుచౌక’లో వినిపించదు.