తినకుండా రాసేవాళ్లం

నాలుగు వారాలు. ఒక బిస్కెట్ ప్యాకెట్ మా యాడ్ ఏజెన్సీ మీటింగ్ రూమ్ టేబుల్ మీద సీల్ కూడా విప్పకుండా నాలుగు వారాలు అలాగే పడి ఉంది. దాని చుట్టూ కూర్చుని మేం ఏడుగురం "కరకర" అన్న ఒక్క మాటను ఎన్ని రకాలుగా చెప్పొచ్చో అన్ని రకాలుగానూ చెప్పాం. నేనొక్కదాన్నే ఇరవై రెండు లైన్లు రాశాను. బిస్కెట్ విరిగి ముక్కలు గాల్లోకి ఎగిరే సీన్ ఒకటి మా ఆర్ట్ డైరెక్టర్ గీశాడు. క్లయింట్ మూడు రౌండ్లు మార్పులు చెప్పారు. మూడు రౌండ్లూ ఆ ముక్కలు ఎంత ఎత్తు ఎగరాలన్న దాని మీదే.

నాలుగో వారం ఒకరోజు భోజనాల వేళ దాటిపోయినా రివ్యూ తెమల్లేదు. కొత్తగా చేరిన ఇంటర్న్ కుర్రాడికి ఆకలి ఆగలేదు పాపం. చప్పుడు కాకుండా ప్యాకెట్ విప్పి ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకొకటి వేసుకున్నాడు. ఆ తర్వాత చాలా మామూలుగా అన్నాడు: "ఇది కరకరలాడట్లేదు కదండీ."

తలా ఒకటి తీసుకున్నాం. నిజమే. వెన్న ఎక్కువ వేసి చేసిన మెత్తటి రకం, నాలుక మీద పెట్టగానే పొడిపొడిగా విచ్చుకుపోతోంది. మంచి బిస్కెట్టే (ఆ పూట నేను ఆరు తిన్నాను, అబద్ధమెందుకు). కరకర మాత్రం లేదు. మా అకౌంట్ మేనేజర్ ల్యాప్‌టాప్ తెరిచి చూసి "బ్రీఫ్‌లో క్రంచీ అనే ఉంది మరి" అంది. బ్రీఫ్ అంటే యాడ్‌లో ఏం చెప్పాలో క్లయింట్ రాసిచ్చే కాగితం. బిస్కెట్ చేతిలో ఉంది, సగం నోట్లో ఉంది, అయినా మేం నమ్మింది బ్రీఫ్‌నే. క్లయింట్‌ని అడిగితే తయారీ కొన్ని నెలల కిందటే మారిందట. ఆ సంగతి వాళ్ల మార్కెటింగ్ వాళ్లకి ఎవరూ చెప్పలేదట. అప్పటికే డబ్బు ఖర్చయింది, డేట్లు ఫిక్సయ్యాయి. అందుకని యాడ్ కరకరగానే వెళ్లింది. అందులో వినపడే చప్పుడు ఆ బిస్కెట్‌ది కాదు. ఎండిపోయిన బ్రెడ్ ముక్కని మైక్ దగ్గర పెట్టి విరిచాం.

తొమ్మిదేళ్లుగా ఫుడ్ మార్కెటింగ్ ఏజెన్సీలో కాపీ, అంటే యాడ్లలో వచ్చే మాటలు, రాస్తున్నాను. ఎక్కడికెళ్లినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "యాడ్స్‌లో చూపించేదంతా ఫేక్ కదా?" అంటారు, పాలకి బదులు జిగురు, ఐస్‌క్రీమ్‌కి బదులు బంగాళదుంప ముద్ద అని వీడియోలు చూసి. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు చిరాకు. ఎందుకంటే మోసం జరిగే చోటు అది కాదు. అది టేబుల్ మీద సీల్ విప్పని ప్యాకెట్ దగ్గరే మొదలవుతుంది.

షూట్ సంగతి చెప్తాను. ఫుడ్ స్టైలిస్ట్ (కెమెరా కోసం తిండిని అందంగా సర్దే మనిషి) పని దగ్గర నుంచి చూసినవాళ్లు ఆ మనిషిని మోసగత్తె అనలేరు. మేం పనిచేసే ఆవిడ పెట్టె తెరిస్తే సగం ఆస్పత్రి సామాను, సగం పెయింటర్ సామాను: పట్టకార్లు, సిరంజిలు, సన్నటి బ్రష్‌లు, చిన్న బ్లో టార్చ్, గ్లిసరిన్ కలిపిన నీళ్ల స్ప్రే. కూల్‌డ్రింక్ సీసా మీద కనిపించే ఆ చల్లటి చెమట గ్లిసరినే, ఎందుకంటే ఉత్త నీటి బొట్టు లైట్ల కింద నిలబడదు. గ్లాసులో ఐసు అక్రిలిక్ ముక్క. సీరియల్ (పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ లాంటిది) ఫోటోలో జిగురు వాడేది ఎందుకంటే పాలు పోస్తే రెండు నిమిషాల్లో అన్నీ నానిపోయి మునిగిపోతాయి. ఇవన్నీ నిజమే. కానీ ఈ రంగంలో పద్ధతి తెలిసినవాళ్లు పాటించే గీత ఒకటుంది: ఏది అమ్ముతున్నామో అది అసలుదే అయి ఉండాలి. సీరియల్ అమ్ముతుంటే సీరియల్ అసలుది, పాలు ఏదైనా కావచ్చు. ఐస్‌క్రీమ్ అమ్ముతుంటే ఐస్‌క్రీమ్ అసలుదే, పైన పోసే సాస్ ఏదైనా కావచ్చు. ఐస్‌క్రీమ్ షూట్ రోజు చూడాలి ఆవిడని. లైటింగ్ సరిచేసుకునేంతసేపూ ఒక డమ్మీ ఉండ కెమెరా ముందు కూర్చుని ఉంటుంది. అసలు ఉండలు డ్రై ఐస్‌లో దాక్కుని ఉంటాయి. "రెడీ" అనగానే ఒకటి తీసుకొచ్చి పెడుతుంది. ఇక అందరూ ఊపిరి బిగబట్టాల్సిందే. ఆ అంచు మెత్తబడి ఒక్క చుక్క జారేలోపు ఫోటో పడాలి. పడకపోతే ఇంకో ఉండ. ఒకసారి నలభై ఒక్క ఉండలు అయ్యాయి. నలభై రెండోది ఓకే. స్కూపు లాగేటప్పుడు అంచున చిన్న చిరుగు లాంటిది రావాలి, దాన్ని ఆవిడ "పావడా కుచ్చిళ్లు" అంటుంది. అది రాకపోతే ఐస్‌క్రీమ్ ప్లాస్టిక్ బంతిలా కనిపిస్తుందట. ఆ ఒక్క కుచ్చిలి కోసం పొద్దున్నుంచి నిలబడే ఉంది మనిషి. ఆ గదిలో ఐస్‌క్రీమ్‌ని నిజంగా చూస్తున్నది ఆవిడ ఒక్కతే అనిపించింది నాకు.

గీత దాటినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అమెరికాలో క్యాంప్‌బెల్ సూప్ యాడ్‌లో గిన్నె అడుగున గాజు గోళీలు వేశారు, కూరగాయ ముక్కలు పైకి తేలి సూప్ చిక్కగా కనపడాలని. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది, 1970లో ఇక అలా చేయబోమని కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ మా ఏజెన్సీలో కొత్తవాళ్లకి ఈ కథే చెప్పి భయపెడతాం. ఇంకోవైపు 2012లో మెక్‌డొనాల్డ్స్ కెనడా వాళ్లు చేసిన పని నాకిష్టం. "మీ బర్గర్ యాడ్‌లో ఒకలా షాపులో ఇంకోలా ఎందుకుంటుంది" అని ఒకావిడ అడిగితే ఫోటో స్టూడియోలోకే కెమెరా తీసుకెళ్లారు. దినుసులు అవే, కాకపోతే అన్నిటినీ ముందు అంచుకి జరుపుతారు, కెచప్‌ని సిరంజితో పెడతారు. షాపు బర్గర్ నిమిషంలో చేసి పెట్టెలో పెడితే ఆవిరికి బన్ కాస్త ముడుచుకుంటుంది. ఫోటోకి కంప్యూటర్‌లో కాస్త మెరుగులూ దిద్దుతారు. దాచుకోకుండా చెప్పేశారు.

కాబట్టి జిగురూ గ్లిసరినూ నా కోపం కాదు. నా కోపం డెక్కుల మీద, అంటే క్లయింట్లకి చూపించే స్లైడ్ల కట్టల మీద. తొంభై స్లైడ్లు. అందులో తినే మనిషి ఫోటో ఒక్కటే ఉంటుంది, అదీ స్టాక్ ఫోటో, సలాడ్ చూసి పకపకా నవ్వుతుంటుంది. మిగతావన్నీ అంకెలు, బాణాలు, వృత్తాలు. ఆ అంకెలు ఎక్కడివని ఎవరూ అడగరు. మేం ఏళ్ల తరబడి కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రయన్ వాన్సింక్ పరిశోధనలు స్లైడ్లలో పెట్టి క్లయింట్ల ముందు తెగ ఫోజు కొట్టాం. ప్లేటు సైజు, మెనూలో పేరు, జనం ఎంత తింటారు, అన్నిటికీ ఆయన దగ్గర ఒక అంకె ఉండేది. 2018లో జామా అనే అమెరికా వైద్య పత్రికలు ఆయన పేపర్లు ఆరింటిని ఒకేసారి వెనక్కి తీసుకున్నాయి, పరిశోధనలో దుష్ప్రవర్తన జరిగిందని యూనివర్సిటీయే తేల్చింది, ఆయన రాజీనామా చేశారు. మా డెక్కుల్లో ఆ స్లైడ్లు ఎప్పుడు పోయాయనుకున్నారు? పోలేదు. మొన్నీమధ్య కూడా ఒకటి చూశాను, పేరు తీసేసి "ఒక అధ్యయనం ప్రకారం" అని మార్చారంతే.

అదే ఒక మనిషిని కూర్చోబెట్టి, వాడు తినేటప్పుడు చూస్తే ఎంత దొరుకుతుందో! ఆక్స్‌ఫర్డ్‌లో చార్ల్స్ స్పెన్స్, మాక్స్ జంపీని అని ఇద్దరు 2004లో ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషుల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి ప్రింగిల్స్ చిప్స్ కొరకమన్నారు. వాళ్లు కొరికిన చప్పుడే వాళ్లకి వినిపిస్తూ మధ్యలో పెంచారు, తగ్గించారు. చప్పుడు పెంచితే చిప్ ఇంకా తాజాగా, గట్టిగా ఉందన్నారు జనం. చిప్ అదే. దీనికి 2008లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పనులకి ఇచ్చే బహుమతి. నవ్వేదేముంది, మేం బ్రెడ్ ముక్క విరిచి చేసిందీ అదే కదా. కాకపోతే వాళ్లు తెలుసుకోవడానికి చేశారు, మేం తెలిసిన సంగతి కప్పిపుచ్చడానికి చేశాం.

"గాట్ మిల్క్?" సంగతైతే తలచుకున్నప్పుడల్లా అసూయ. 1993లో కాలిఫోర్నియా పాల ప్రాసెసర్ల బోర్డు కోసం గుడ్‌బీ సిల్వర్‌స్టీన్ ఏజెన్సీ చేసిన క్యాంపెయిన్. అంతకుముందు పాల యాడ్లన్నీ "ఒంటికి మంచిది" అనే పాటే. జనానికి అది తెలుసు, తెలిసీ తాగడం తగ్గించారు. ఈ ఏజెన్సీ వాళ్లు ఏం చేశారంటే, కొంతమందిని ఒక వారం పాలు లేకుండా ఉండమని చెప్పి, తర్వాత కూర్చోబెట్టి ఎలా గడిచిందో అడిగారు. సీరియల్ గిన్నెలో వేసుకుని ఫ్రిజ్ తీస్తే పాలు లేవు, కుకీ నోట్లో ఉంది గొంతు దిగదు, ఇవీ వాళ్లు చెప్పిన బాధలు. పాలు ఉన్నప్పుడు వాటి గురించి ఎవరూ ఆలోచించరు. లేనప్పుడే గుర్తొస్తాయి. ఆ ఒక్క ముక్క మీద ఇరవై ఏళ్లు బతికింది క్యాంపెయిన్. మొదటి యాడ్‌లో హీరోకి రేడియో క్విజ్ ప్రశ్నకి జవాబు తెలుసు, నోటి నిండా పీనట్ బటర్, పాల డబ్బా ఖాళీ, మాట బయటికి రాదు. ఇందులో "నోరూరించే" అన్న మాట ఎక్కడుంది చెప్పండి?

ఆ మాట గురించి కూడా చెప్పేస్తాను, కడుపులో దాచుకుని ఏం చేస్తాను. నోరూరించే, కమ్మని, అసలైన, అద్భుతమైన రుచి. ఈ నాలుగూ తీసేస్తే నా తొమ్మిదేళ్ల పనిలో సగం చెరిగిపోతుంది. నేను వేరేలా రాయక కాదు. "నోట్లో పెట్టుకుంటే విచ్చుకుపోతుంది" అని ఆ బిస్కెట్‌కి రాశాను కూడా, ఇంటర్న్ కుర్రాడు తిన్న రోజు సాయంత్రమే. "విచ్చుకుపోవడం నెగటివ్‌గా ఉందండీ, డామేజ్ అయినట్టు వినపడుతోంది" అని మెయిల్ వచ్చింది. దానికింద ఇంకొకరు "అగ్రీ". ఇంకొకరు బొటనవేలి బొమ్మ. తలా ఓ చెయ్యి వేసి ఆ వాక్యాన్ని చంపేశారు. నోరూరించేదే మిగిలింది. అది ఎవరికీ నచ్చదు, కానీ ఎవరూ కాదనలేరు. అప్రూవల్ అంటే అదే.

తినేవాళ్లని చూడకపోతే ఏమవుతుందో నారింజ జ్యూస్ అమ్మే ట్రాపికానా చూపించింది. 2009 జనవరిలో ప్యాకెట్ మార్చారు. స్ట్రా గుచ్చిన నారింజ పండు తీసేసి గ్లాసులో జ్యూస్ బొమ్మ పెట్టారు. డిజైనర్ల కంటికి శుభ్రంగానే ఉంది. షెల్ఫ్ ముందు నిలబడ్డ మనిషికి మాత్రం తన జ్యూస్ కనపడలేదు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి, పాత ప్యాకెట్ వెనక్కి తెచ్చారు. జనం చదివి కొనరు, ఆ నారింజ పండు కోసం చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఇది కనిపెట్టడానికి తొంభై స్లైడ్లు అక్కర్లేదు, షాపులో అరగంట నిలబడితే చాలు.

ఇక కొత్త తలనొప్పి, ఏఐ బొమ్మలు. ఇంతకుముందు క్లయింట్ రిఫరెన్స్ అంటే ఎవరో తీసిన ఫోటో, అంటే ఎక్కడో ఒకచోట ఆ వంటకం ఉండేది. ఇప్పుడు రాత్రి కూర్చుని టైప్ చేసి పొద్దున్నే పంపిస్తున్నారు. సాస్ కిందికి కాకుండా పక్కకి కారుతుంటుంది. ఐస్‌క్రీమ్ మీద ఆవిరి లేస్తుంటుంది. "సేమ్ ఇలాగే కావాలి మేడమ్" అంటే మా స్టైలిస్ట్ ఆ బొమ్మని చాలాసేపు చూసి, "ఇది చల్లగా ఉందా వేడిగా ఉందా, అది చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటా" అంది. జవాబు రాలేదు.

తిండే చూపించకుండా గొప్ప యాడ్లు రాలేదా అని మా ఆర్ట్ డైరెక్టర్ నాతో వాదిస్తాడు. వచ్చాయి. 2007లో క్యాడ్‌బరీ గొరిల్లా ఉంది కదా, నిమిషంన్నర యాడ్‌లో ఒక గొరిల్లా డ్రమ్స్ వాయిస్తుంది, చాక్లెట్ కొరికే సీనే లేదు. కానీ చాక్లెట్ తిన్నప్పుడు మొహంలో ఏం జరుగుతుందో ఆ గొరిల్లా కళ్లు మూసుకుని ఆగిన ఆ కొన్ని క్షణాల్లో ఉంది. తిన్నవాడు తీసిన యాడ్ అది. మా ఆర్ట్ డైరెక్టర్‌తో ఇదే అంటాను, అతను ఒప్పుకోడు.

పోయిన నెల ఒక సూప్ ప్రాజెక్ట్ వచ్చింది. ప్యాకెట్ సూప్, నీళ్లు మరిగించి కలుపుకోవడమే. ఈసారి నేను ఇంటి నుంచి కెటిల్ తెచ్చాను, కప్పులు ఇంటర్న్ తెచ్చాడు (ఇప్పుడు ఉద్యోగిలెండి, ఇంకా ఆకలి తగ్గలేదు). క్లయింట్ వాళ్లు నలుగురు వచ్చారు. మొదటి స్లైడ్ వెయ్యకముందే అందరికీ కప్పులు అందించాం. కాసేపు గదిలో ఊదుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. వాళ్లలో పెద్దాయన రెండు గుక్కలు తాగి కప్పు కింద పెట్టారు, మళ్లీ తీసి ఇంకో గుక్క తాగారు.

"ఉప్పు ఎక్కువైంది కదూ?" అన్నారు, మమ్మల్ని కాదు, పక్కనున్న తన మనిషిని.

"అవును సార్, ఎప్పట్నుంచో అంతే" అన్నాడతను.

మా అకౌంట్ మేనేజర్ చటుక్కున నోట్స్‌లో రాసుకుంది: "ఉప్పు. క్లయింట్ ఫీడ్‌బ్యాక్."