అయిదో జాకెట్

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు బాపు, అమ్మ జగిత్యాల నుంచి హనుమకొండకు దిగారు. సామాను రెండు సంచులు, ఒక సకినాల డబ్బా. రెండేళ్ల మనవడికి తాత, బాపమ్మలతో పడవ ఎక్కించాలని ముచ్చటపడింది నేనే కాబట్టి తప్పు నాదే.

పొద్దున్నే లక్నవరం బయల్దేరాం. బాపు ఒంటి మీద బనియన్, అంగీ, రెండు స్వెటర్లు, మంకీ క్యాప్, ఆపైన శాలువా. లోపల మనిషున్నాడని మీసాలను బట్టి తెలుస్తోంది. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాం. "ఇగ నీళ్ల సంగతి తల్లి చూసుకుంటది" అంది అమ్మ.

కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి చెరువది, 13వ శతాబ్దానిది. గుట్టల మధ్య సందుల్ని చిన్న చిన్న కట్టలతో మూసి నీళ్లు ఆపారు. బాపుకు కట్ట పేరు వినిపిస్తే చాలు. పడవ సంగతి మరచిపోయి తూము ఎటుందని అడగడం మొదలుపెట్టాడు.

"అందరు జాకెట్లు ఏసుకోవాలె" అన్నాడు పడవాయన.

"జాకెట్లు ఆడోళ్లకు గదా బిడ్డా?"

అది లైఫ్ జాకెట్ అని చెప్పి తొడిగితే బక్కిల్ జానెడు దూరంలో ఆగిపోయింది. ఒక స్వెటర్ విప్పమన్నాను.

"ఈ చలిల విప్పితే నీళ్లల్ల పడకముందే పోతడు" అని అమ్మ అడ్డం పడింది.

"రామప్ప ఇటుకలు నీళ్లల్ల తేల్తయి గదరా, నడుముకు రెండు కట్టుండ్రి" అన్నాడు బాపు. చివరికి శాలువా తీసి, పట్టీ వదులు చేసి, నేనొక పక్క, పడవాయనొక పక్క వడ్ల బస్తా మూతి బిగించినట్టు లాగితే టక్కుమంది. మళ్లీ శాలువా కప్పుకున్నాడు.

ఇక మావాడు. జాకెట్ చూడగానే "వద్దు" అని నేల మీద పడుకున్నాడు. అమ్మ డబ్బా మూత తీసి రెండు చేతుల్లో రెండు సకినాలు పెట్టింది. చేతులు ఖాళీ లేక వాడు లొంగిపోయాడు.

పడవ షికారు గురించి చెప్పడానికేమీ లేదు. పోయింది, తిరిగింది, వచ్చింది. వాడు నీళ్లవైపు చూస్తే ఒట్టు. బక్కిల్ పట్టుకుని ఆడుకుంటూనే ఉన్నాడు.

దిగాక జాకెట్ విప్పబోతే కొత్త "వద్దు". వాడి ఏడుపుకు ఒడ్డు మీది కొంగలు లేచిపోయాయి. జాకెట్ల కోసం తర్వాతి పడవ వాళ్లు వరుసలో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. నా ఫోను, కారు తాళం ఇచ్చి, ఎలాగో ఒలిచి, అందరం పరుగున కారెక్కాం.

జంగాలపల్లి దగ్గర చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. "సార్, అయిదు ఇచ్చినం, నాలుగే వచ్చినయి."

పిల్లాడి సంచి వెతికాం, డిక్కీ వెతికాం. మా ఆవిడ సీటు కింద కూడా చూసింది. బాపు మాత్రం గ్లాసులోకి చూస్తూ చాయ్ ఊదుకుంటున్నాడు. అమ్మ వెళ్లి శాలువా కొంగు లాగింది. నారింజ రంగు.

"గాలి సొరనిస్తలేదే" అన్నాడు.

కారు వెనక్కి తిప్పాం. ఒడ్డున పడవాయన బక్కిల్ మీద చెయ్యేస్తే, బాపు రెండడుగులు వెనక్కి వేశాడు. అమ్మ ఏమీ అనకుండా కారు దగ్గరకు పోయి సకినాల డబ్బా పట్టుకొచ్చింది.