‘లేలాండ్ ఇంజన్ పెట్టించెయ్యన్నా’ అనే సలహా గారికి

అయ్యా,

నేను బాగుచేసుకుంటున్న పాత మిలిటరీ శక్తిమాన్ లారీ పుణ్యమా అని మీరు తగలని ఊరు లేదు. నెల్లూరు ఆటోనగర్‌లో మీరే. కావలి టీ కొట్టు దగ్గరా మీరే. ఒంగోలులో పెళ్లికి పోతే, పక్క విస్తరి ముందు కూర్చుని పప్పులో నెయ్యి కలుపుకుంటూ కూడా మీరే. నేను ఒక గాస్కెట్ కోసం తిరుగుతుంటే మీరు ఇంజన్ మార్చమంటారు. నూనె కారకుండా ఆపే ఆయిల్ సీల్ అడిగితే, ఎటూ విప్పావు కదా, గేర్‌బాక్స్ కూడా లేపెయ్యమంటారు.

ఆ సీల్‌కి ఇంజన్ మార్చక్కర్లేదు సార్. లోపలి కొలత, బయటి కొలత, మందం రాసుకుపోతే ఏ బండి సీలైనా సరే, కొలత కలిస్తే సరిపోతుంది. బేరింగ్ అయితే ఇంకా సులువు, దాని నంబరు దాని మీదే ఉంటుంది. గ్రీజు తుడిచి చదవాలి, అంతే. ఆ గుడ్డముక్క మాత్రం మీ చేతికి ఎప్పుడూ దొరకదు. సుత్తి దొరుకుతుంది. జర్మనీ మాన్ కంపెనీ డిజైను కాబట్టి దీని బోల్టులు మిల్లీమీటర్లలో ఉంటాయని చెబుతూనే ఉన్నాను, మీ శిష్యుడు అంగుళం బోల్టు పెట్టి కొట్టాడు. బోల్టు దిగింది, మర పోయింది. ‘చూశావా, పాతబండితో ఇదే గోల’ అన్నారు మీరు.

ఈ బండి 1959 నుంచి 1996 దాకా జబల్‌పూర్‌లో తయారైంది. తర్వాత సైన్యానికి కూడా లేలాండే కావాల్సొచ్చింది, ఒప్పుకుంటాను. అయితే వాళ్లు స్టాలియన్ అని వేరే లారీయే తెచ్చుకున్నారు, శక్తిమాన్ పొట్ట కోసి అందులో కూరలేదు. ఇంజన్ మారిస్తే ఆర్‌సీలో నంబరు మారాలి, దానికి ఆర్టీవో అనుమతి కావాలి. మీరు షెడ్డు దాకా వస్తారు గానీ ఆ ఆఫీసు మెట్లెక్కేటప్పుడు కనపడరు.

ఇంతా చేసి, ‘రంగు మాత్రం ఒరిజినల్ మిలిటరీ గ్రీనే కొట్టించన్నా, అదిరిపోద్ది’ అంటారు! రక్షణ శాఖవి కాని బండ్లకు ఆలివ్ గ్రీన్ వెయ్యకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చెబుతోంది. బండి మొత్తంలో మీరు ఒరిజినల్‌గా ఉంచమన్నది ఆ ఒక్కటే, చట్టం వద్దన్నదీ ఆ ఒక్కటే. ఈ సూటితనం మామూలు మనుషులకు రాదు.

గిద్దలూరు వైపు, సైన్యంలో బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో పనిచేసి రిటైరైన హవల్దారు గారొకరున్నారు. ఆయన్ని కలిస్తే సలహా ఏమీ ఇవ్వలేదు. ‘విప్పినవన్నీ ఉంచావా అబ్బాయా, పాత ఇనుముకి వేశావా?’ అని అడిగారు. ఉంచానన్నాను. ‘అయితే ముందు డీజిల్ పంపు మీద నంబరు రాసుకురా’ అన్నారు. ఆయన ముందు మీరు నోరెత్తలేదేం?

పంపు ఇప్పుడు బల్ల మీద ఉంది. మీరు కొన్నాళ్లు ఇటు రాకండి.

ఇట్లు,
శక్తిమాన్ ఓనరు

తా.క.: మీ తమ్ముడు ‘టాపు తీసేసి పెళ్లి ఊరేగింపులకి తిప్పెయ్’ నిన్న వచ్చాడు. టీ ఇచ్చి పంపించాను.