సోమలింగం గారికి, పదిహేనో హోల్ నుంచి

మహారాజశ్రీ సోమలింగం గారికి,

ఉభయకుశలోపరి. పద్నాలుగో హోల్ దాకా మేమందరం క్షేమం. ఆ తర్వాతి క్షేమసమాచారాలు మీ చేతిలోనే ఉంటాయి కాబట్టి వాటి గురించి వేరే రాయడం లేదు.

మీరెవరో తెలియని పాఠకులుంటారేమో, రెండు ముక్కలు చెప్పేస్తాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దవాళ్లు అన్నది మీ గురించే. పాపం వాళ్లెవరూ గోల్ఫ్ ఆడినట్టు లేదు, అయినా మిమ్మల్ని భలే పట్టుకున్నారు. పద్దెనిమిది హోల్స్‌లో ఎంత తక్కువ దెబ్బలతో బంతి వేస్తే అంత గొప్ప అనే ఈ ఆటలో ఇంకా మూడు హోల్స్ మిగిలుండగానే ‘ఇలాగే పోతే మొత్తం ఎంత వస్తుంది?’ అని ఆటగాడు లెక్క వేస్తాడు చూడండి, ఆ క్షణంలో పుట్టే స్కోరు మీరు. బంతి ఇంకా టీ మీదే, అంటే హోల్ మొదలుపెట్టే చోటే ఉంటుంది. మీకు మాత్రం బారసాల అయిపోతుంది. ఆఫీసులో ఎవరెవరికి ఎలా చెప్పాలో, వాట్సాప్ గ్రూపులో కార్డు ఫొటో పెట్టి ‘ఏదో ఇవాళ కలిసొచ్చింది’ అని వినయంగా ఏం రాయాలో, అదీ తయారైపోతుంది.

మీలో నాకు నచ్చేది మీ మర్యాద. చెడ్డగా ఆడేవాడి గడప మీరు తొక్కరు. మొదటి హోల్‌లోనే రెండు బంతులు నీళ్లపాలు చేసుకున్నవాడు మిగతా రోజంతా హాయిగా నవ్వుతూ, చెట్ల మీద పిట్టలను చూసుకుంటూ ఆడేస్తాడు. మీరు వచ్చేది నాలుగు మంచి దెబ్బలు వరసగా పడ్డవాడి ఇంటికే. పైగా మీకు తీరిక కూడా బోలెడు. ఒక రౌండుకు నాలుగు గంటలు పడుతుంది గానీ, నాబోటివాడు కొట్టే తొంభై చిల్లర దెబ్బలకు ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా బంతితో మాకు ఉండే పని మూడు నిమిషాలు. మిగిలిన మూడు గంటల యాభై ఏడు నిమిషాలు నడకే. అంటే మీదే.

నలుగురం కలిసి ఆడే మా ఆదివారం ఫోర్‌బాల్‌లో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు ఉన్నారు. ఆయన దగ్గరకు మీరు వచ్చిన రోజున నేను పక్కనే ఉన్నాను. పదిహేను హోల్స్ అయ్యేసరికి ఆయన 72 దగ్గర ఉన్నారు. ఇన్నేళ్ల ఆటలో 90 లోపు ఎన్నడూ రాని మనిషి. మిగిలినవి ఒక పార్ నాలుగు, ఒక పార్ మూడు, ఒక పార్ ఐదు (పార్ అంటే ఆ హోల్‌కు మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బలు). పదహారో టీ దగ్గర ముందు గుంపు కదలక బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. అదే కొంప ముంచింది. ఆయన వెనక జేబులోంచి కార్డు తీశారు. చెమటకు మెత్తబడి, మడత దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. చెవి మీది బుల్లి పెన్సిల్ తీసి పై నుంచి కిందికి ఒకసారి కూడారు. కింది నుంచి పైకి ఇంకోసారి కూడారు. సర్వీసు అలవాటు! టాలీ అయింది. అన్నిటికీ బోగీ, అంటే పార్ కంటే ఒకటి ఎక్కువ వేసుకున్నా అయిదు, నాలుగు, ఆరు కలిపి పదిహేను, వెరసి 87. ఇంకో రెండు దెబ్బలు అటూఇటూ అయినా 89. ఆయన కార్డు మడిచి జేబులో పెట్టుకుంటూ చిన్నగా దగ్గారు. అంతే, మీరు భూమ్మీద పడ్డారు.

అప్పటిదాకా ఒక్కసారి ఊపి కొట్టే మనిషి నాలుగుసార్లు ఉత్తుత్తి స్వింగులు వేశారు. గ్రిప్ మీద వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. మా ముగ్గురికీ కనిపించింది, ఎవరం నోరెత్తలేదు. అలాంటప్పుడు మాట్లాడకూడదని గోల్ఫ్‌లో ఆచారం, దాన్ని మించిన దుర్మార్గం లేదు. జాగ్రత్తగా కొట్టిన ఆ దెబ్బకు బంతి వంద గజాలు కూడా పోకుండా రాళ్లలో పడింది. ఏడు. పదిహేడో టీ మీద మా క్లబ్బుల సంచి మోసే క్యాడీ కుర్రాడు “సార్, రాత్రి మ్యాచ్ చూసిన్రా?” అని అడిగాడు. “ఉండవయ్యా, లెక్కలో ఉన్నాను” అన్నారు ఈయన. బంతిని హోల్‌లోకి దొర్లించడానికే మూడు పట్లు వేసి అయిదు. ఇప్పుడు మొత్తం 84. చూశారా మీ ప్రాణం ఎంత గట్టిదో, ఇంత జరిగినా మీరు బతికే ఉన్నారు! ఆఖరి హోల్‌లో పార్ కొడితే 89. ఆయన పెదవులు కదలడం చూసి నేను రామనామం అనుకున్నాను. కాదు, 84కి అయిదు కలుపుతున్నారు. తర్వాత ఎనిమిది కొట్టారు, 92. కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఏమీ వణకలేదు.

ఆ క్యాడీ కుర్రాడి ప్రశ్న ఊసుపోక అడిగింది కాదు. సియాన్ బైలాక్ అనే సైకాలజిస్టు పటింగ్ మీద ప్రయోగాలు చేసింది. చెయ్యి తిరిగిన ఆటగాళ్లను ‘మీ స్వింగును మీరే గమనించుకుంటూ కొట్టండి’ అంటే గురి చెడింది. ఆటకు సంబంధం లేని ఇంకో పని మనసుకు అప్పజెప్పి కొట్టమంటే బాగా కొట్టారు. కొత్తగా నేర్చుకునేవాడికి ఒళ్లు దగ్గర పెట్టుకోవడం అవసరం. ఒంటికి వచ్చేసిన పనిని మళ్లీ బుర్రతో చేయించబోతే చెడుతుంది. మీరు చేసేది సరిగ్గా అదే. మీరు ఆటగాడిని చెడ్డగా ఆడమని చెప్పరు. ‘జాగ్రత్త నాయనా’ అంటారు. మీరు మా కొంప ముంచేది ఆ ఒక్క మాటతోనే.

ఇక మిమ్మల్ని దించుతామంటూ కొందరు బయల్దేరారు. ఒక్కో షాటే ఆడు, వర్తమానంలో ఉండు, ముక్కుతో పీల్చి నోటితో వదులు అని వీడియోలు. మా మేనేజరు గారు అవన్నీ చూశారు. ఇప్పుడు టీ మీద నిలబడి ఊపిరి కూడా లెక్కపెడుతున్నారు. లెక్క ఇదివరకు ఒకటే ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

మా సంగతికేం లెండి, కాఫీ పందెం ఆడేవాళ్లం. మీ కీర్తిపతాకం ఎగిరిన చోట్లు వేరే ఉన్నాయి. స్కాట్లండ్‌లో కార్నూస్టీ, 1999 జులై. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ ఓపెన్ చాంపియన్‌షిప్ ఆఖరి హోల్‌కి మూడు దెబ్బల ఆధిక్యంతో వచ్చాడు. పార్ నాలుగు హోల్, ఆరు కొట్టినా కప్పు ఆయనదే. అంతటి భోగం మీకు మళ్లీ ఎక్కడా దొరికి ఉండదు. ఆయన అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు, డ్రైవర్ తీశాడు. బంతి కుడిపక్కకు, పదిహేడో హోల్ వైపు పోయింది. అక్కణ్ణుంచి మెల్లగా ముందుకు తోసినా సరిపోయేది, హోల్, జెండా ఉండే గ్రీన్‌కే గురిపెట్టాడు. అది ప్రేక్షకుల స్టాండు రెయిలింగుకు తగిలి, వాగు రాతిగట్టుకు కొట్టుకుని, వెనక్కొచ్చి దట్టమైన గడ్డిలో పడింది. మూడో దెబ్బ ఆ వాగులోకే. దాని పేరు బారీ బర్న్. ఆయన బూట్లూ మేజోళ్లూ విప్పి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, నాట్లకు దిగే రైతులా నీళ్లలోకి దిగాడు. బంతిని నీళ్లలోనుంచే కొడదామా అని నడుం మీద చెయ్యేసుకుని ఆలోచిస్తుంటే ప్రపంచమంతా టీవీలో చూసింది. చివరికి బయటికి వచ్చి పెనాల్టీ వేయించుకుని, తర్వాతి దెబ్బ బంకర్లో, అంటే ఇసుక గుంటలో పడేసి, మొత్తానికి ఏడుతో బయటపడ్డాడు. ఒకటి చెప్పుకోవాలి, ఆ ఏడో దెబ్బ, కొన్ని అడుగుల దూరం నుంచి వేసిన పట్, చాలా చక్కగా వేశాడు. అప్పటికి మీరు పోయారు కదా. సమానంగా నిలిచినవాళ్ల మధ్య జరిగిన ప్లేఆఫ్‌లో గెలిచింది పాల్ లారీ. ఆ రోజు పొద్దున ఆయన పది దెబ్బలు వెనక ఉన్నాడు. అంత వెనకున్నవాడి ఇంటికి మీరెందుకు వెళ్తారు?

అయితే స్కోరు తెలియకుండా ఆడితే పోలా, అంటారు కొందరు. అమెరికా ఆటగాడు సామ్ స్నీడ్ ఆ ముచ్చటా తీర్చాడు. 1939 యూఎస్ ఓపెన్, ఫిలడెల్ఫియా. ఈ రోజుల్లోలాగా అడుగడుగునా స్కోరుబోర్డులు లేవు. ఆఖరి హోల్ పార్ ఐదు. పార్ కొడితే గెలిచినట్టే, కానీ ఆ సంగతి ఆయనకు తెలియదు. బర్డీ, అంటే పార్ కంటే ఒకటి తక్కువ కావాలేమోననుకుని సాహసాలు చేసి ఎనిమిది కొట్టాడు. అంటే అసలు సోమలింగం కనబడకపోతే ఆటగాడు సొంతంగా ఒక దొంగ సోమలింగాన్ని తయారుచేసుకుంటాడన్నమాట. స్నీడ్ అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్‌లో 82 టైటిళ్లు గెలిచాడు. యూఎస్ ఓపెన్ మాత్రం చచ్చేదాకా దక్కలేదు.

1996 మాస్టర్స్ టోర్నీలో గ్రెగ్ నార్మన్ ఆరు దెబ్బల ఆధిక్యంతో ఆఖరి రోజుకు వచ్చి నిక్ ఫాల్డో చేతిలో అయిదు దెబ్బల తేడాతో ఓడిపోయాడు. మీకా జ్ఞాపకం తీయగా ఉంటుంది గానీ, పెద్దమనిషి బాధ మళ్లీ తవ్వడం నాకిష్టం లేదు.

మన తెలుగు పిల్లవాడి దగ్గరకు కూడా వెళ్లొచ్చారు మీరు. సాహిత్ తీగల, కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినవాడు. 2022 జూన్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్ ఆఖరి టీ మీద ఒక దెబ్బ ముందున్నాడు. పీజీఏ టూర్‌లో అది అతని మొదటి సీజను, మొదటి గెలుపు కళ్లెదురుగా ఉంది. డ్రైవ్ పోయి ఫెయిర్‌వే పక్క బంకర్ గట్టు కిందికి చేరింది. ఒక దెబ్బకు బంతి అందులోనుంచి బయటికే రాలేదు. డబుల్ బోగీ. జాండర్ షౌఫెలే గెలిచాడు. ఆ రాత్రి అమెరికాలోనూ ఇక్కడా ఎన్ని తెలుగు ఇళ్లలో మీకు శాపనార్థాలు పడ్డాయో! అయితే 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో అతను ఆఖరి రోజుకు మళ్లీ ఆధిక్యంతోనే వచ్చాడు. మీరూ టైముకు వచ్చే ఉంటారు. అతను 68 కొట్టి రెండు దెబ్బల తేడాతో గెలిచి, ఇంటిల్లిపాది ముందు కప్పు అందుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్. మూడో రోజు, మూడో హోల్, బంకర్లో క్లబ్బు వెనక్కి తీస్తుంటే ఇసుక తగిలినట్టు సాహిత్‌కు అనిపించింది. తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బల పెనాల్టీ. సోమలింగం గారూ, మీ పీక మీద మీ తండ్రే చెయ్యి వేసిన సందర్భం అది. అయినా ఆ పిల్లవాడు కుంగిపోకుండా ఆడి టోర్నీలో మూడో స్థానంలో నిలిచాడు.

నాకు అంతకంటే ఆశ్చర్యం ఉత్తర ఐర్లండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్ వ్యవహారం. 2011 మాస్టర్స్‌కు మీరు అతన్ని నాలుగు దెబ్బల ఆధిక్యంతో ఊరించి, ఆఖరి రోజు 80 కొట్టించారు. తర్వాత పద్నాలుగేళ్ల పాటు ఏప్రిల్ వచ్చిందంటే మీరు అక్కడే మకాం. 2025లో అతను మిమ్మల్ని వదిలించుకుని, ధ్యానముద్రలో గెలిచాడని అనుకునేవాళ్లు ఆ ఆట మళ్లీ చూడాలి. ఆఖరి రోజు మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ. పదమూడో హోల్‌లో, దగ్గర్నుంచి వెడ్జ్‌తో బంతిని వాగులోకి వేసి ఇంకో డబుల్ బోగీ. పద్దెనిమిదో హోల్‌లో, వేస్తే గెలుపు అనే చిన్న పట్ పోగొట్టుకున్నాడు. ఇంతకంటే మనసు చెదరడం ఉంటుందా? అయినా ప్రతిదాని తర్వాతా వెళ్లి ఇంకో మంచి దెబ్బ కొట్టాడు. ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్ మీద మొదటి హోల్‌లోనే బర్డీ కొట్టి గెలిచి, గ్రీన్ మీద మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. స్థితప్రజ్ఞుడు అనిపించే వేషం ఒక్క క్షణం కూడా వేయలేదు.

అందుకని మిమ్మల్ని రావొద్దని బతిమాలే ఆలోచన మేం మానుకున్నాం. రండి. మీరు వచ్చినా మా చేతులకు ఏదో ఒక పని ఉండేలా కొన్ని ఏర్పాట్లు చేశాం. కార్డు ఇకనుంచి మా జేబుల్లో ఉండదు, క్యాడీ దగ్గర ఉంటుంది. ఆఖరి గ్రీన్ దాటేదాకా అడిగినా ఇవ్వొద్దని చెప్పాం. జెండా ఎక్కడున్నా గ్రీన్ మధ్యకే కొట్టడం, ఎదురుగా నీళ్లుంటే డ్రైవర్ బ్యాగులోనే ఉంచడం మా మధ్య ఒప్పందం. బెంచీల మీద కూర్చోవడం నిషేధం. పదహారు నుంచి క్రికెట్, రియల్ ఎస్టేట్, అల్లుళ్లు, ఏదైనా మాట్లాడొచ్చు. మౌనం పాటించినవాడికి వంద రూపాయల జరిమానా.

మేనేజరు గారికి ఈ షరతుల్లో కార్డు సంగతి మింగుడు పడలేదు. లెక్క చూడకుండా నాలుగు గంటలు ఉండటం తన వల్ల కాదన్నారు. ఆలోచించి ఒక రాజీకి వచ్చాం. ఆట అయ్యాక క్లబ్‌హౌస్‌లో మా నలుగురి ఇడ్లీలు, ఆమ్లెట్లు, కాఫీలు, ఇద్దరి బీర్లు, పందెం బాకీలు, జరిమానాలు అన్నీ కలిపి పై నుంచి కిందికి, కింది నుంచి పైకి కూడే హక్కు ఆయనకే ఇచ్చాం. మీరు కూడా తిన్నగా అక్కడికే వచ్చేయండి. గత వారం సర్వీస్ చార్జీ దగ్గర టాలీ కాలేదు, ఆయనకు సాయం కావాలి.

ఇట్లు,
మీ విధేయుడు,
హ్యాండిక్యాప్ 19