వైజాగ్ తరఫున రెండో ప్రశ్న అడిగేదెవరు?

2021 మార్చి 8, సోమవారం. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఎన్నికలకు ఇంకా రెండు రోజులే ఉంది. స్టీల్‌ప్లాంట్ గురించి వేసిన ప్రశ్నకు ఆ రోజు లోక్‌సభలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఇచ్చిన లిఖితపూర్వక సమాధానం సాయంత్రానికి గాజువాక అంతా ఫోన్లలో తిరిగింది. చీకటి పడేసరికి కూర్మన్నపాలెం జంక్షన్‌లో కార్మికులు హైవే మీద కూర్చున్నారు. ఆ సమాధానంలో దాపరికం ఏమీ లేదు. ప్లాంట్‌లో, అంటే దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఆర్‌ఐఎన్‌ఎల్‌లో, కేంద్రానికి ఉన్న వాటా నూటికి నూరు శాతం, యాజమాన్య హక్కుతో సహా వదులుకోవడానికి జనవరి 27నే కేబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుందని రాశారు. ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి వాటా లేదని, అవసరమైన విషయాల్లో రాష్ట్రాన్ని సంప్రదిస్తున్నామని కూడా రాశారు.

ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. వాటా లేదన్నది కాగితం మీద నిజమే. కానీ ఆ ప్లాంట్ కింద ఉన్న దాదాపు 20 వేల ఎకరాలు ఎవరివి? అరవైకి పైగా ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు, నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు చేతిలో పెట్టుకుని ఉద్యోగం కోసం చూసి చూసి వయసు దాటిపోయినవాళ్లు పెదగంట్యాడ, అగనంపూడి నిర్వాసిత కాలనీల్లో ఇంకా ఉన్నారు కదా, వాళ్ల భూమి ఏ వాటా కింద లెక్క? సంప్రదించడం అంటే ఉత్తరం రాసి ఊరుకోవడమా, రాష్ట్రం కాదంటే ఆగడమా? ఇవి మంత్రి సభలో నిలబడి ఉండగా, అప్పటికప్పుడు అడగాల్సిన మాటలు. రాతలో వచ్చిన సమాధానానికి అలా ఎదురు అడిగే వీలుండదు.

పార్లమెంటులో ప్రశ్న అనగానే మనకి టీవీలో కనిపించే అరుపులు గుర్తొస్తాయి. అసలు పని జరిగే తీరు వేరు. ఎంపీ కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు, వచ్చిన నోటీసుల్లోంచి లాటరీ తీస్తారు. లోక్‌సభలో రోజుకి 20 ప్రశ్నలకు నక్షత్రం గుర్తు పడుతుంది, వాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి. ఇంకో 230 దాకా నక్షత్రం లేనివి, వాటికి కాగితమే జవాబు. ఆ కాగితం రాసేది శాఖలోని అధికారులు. రెండు వారాల సమయం తీసుకుని, ప్రతి పదం తూచి, తర్వాత ఎవరూ పట్టుకోలేని విధంగా రాస్తారు. అది వాళ్ల పని, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నక్షత్రం ఉన్న ప్రశ్నకి మాత్రం అడిగిన సభ్యుడు ఆ జవాబు మీద మళ్లీ లేచి అనుబంధ ప్రశ్న వేయొచ్చు. ఏం అడుగుతారో ఊహించి అధికారులు మంత్రికి నోట్స్ ఇస్తారు గానీ, ఆ ప్రశ్న సరిగ్గా ఏమిటన్నది మంత్రికి ముందు తెలియదు. ప్రశ్నోత్తరాల సమయానికి ఉన్న బలమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం.

అందుకే ప్రశ్నోత్తరాల సమయంలో వెల్‌లోకి, అంటే స్పీకర్ ముందున్న ఖాళీ చోటుకి, వెళ్లి సభ జరగనివ్వకపోతే నష్టపోయేది ప్రతిపక్షమే. సభ వాయిదా పడినా ఆ రోజు నక్షత్రం ప్రశ్నలు రద్దు కావు, వాటి జవాబులు కూడా కాగితం మీదే సభ ముందుకి వచ్చేస్తాయి. పోయేది రెండో ప్రశ్న ఒక్కటే. ప్లకార్డు పట్టుకుని నిలబడ్డ ఎంపీ ఫొటో మర్నాడు మన జిల్లా ఎడిషన్‌లో వస్తుంది, ఇక్కడ జనం కూడా పోరాడాడని మెచ్చుకుంటారు, అక్కడ మంత్రి మాత్రం నోరు విప్పాల్సిన అవసరం లేకుండా ఆ రోజు గడిపేస్తారు. నిరసన చేయొద్దని నేను అనను. సొంత ప్రశ్న లాటరీలో వచ్చిన రోజున మాత్రం ఆ గంట నడవాలి.

ప్రశ్న వేసే తీరులో కూడా లోపం ఉంది. అమ్మకం నిజమేనా, అయితే వివరాలేంటి, కార్మికుల సంగతేంటి, సొంత గనులు ఎందుకు ఇవ్వరు, ప్రజల మనోభావాలు ప్రభుత్వం దృష్టికి వచ్చాయా, ఇలా ఐదారు ముక్కలు ఒకే ప్రశ్నలో కూరుస్తారు. జవాబు "(ఎ) నుంచి (ఇ) వరకు" అని మొదలై ఒకే పేరాలో అయిపోతుంది, అందులో గనుల ముక్క ఎక్కడ జారిపోయిందో వెతుక్కోవాలి. సొంత ఇనుప గనులు లేకపోవడం ఈ ప్లాంట్ కష్టాలన్నిటికీ మూలమని ఉక్కునగరంలో ఎవర్ని అడిగినా చెబుతారు. ముడి ఖనిజం కేంద్ర గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కుని నెట్టుకొస్తున్న ప్లాంట్ ఇది. 2024లో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒక్కటే నడిచిన రోజులు చూశాం. అంత పెద్ద విషయాన్ని ఐదు ముక్కల్లో ఒక ముక్కగా అడిగితే దానికి దక్కే జవాబు కూడా అంతే.

రైల్వే జోన్ కథ చూడండి. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో ఏముందంటే, అపాయింటెడ్ డే (రాష్ట్రం విడిపోయిన రోజు) నుంచి ఆరు నెలల్లో కొత్త జోన్ ఏర్పాటును రైల్వే పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని. "పరిశీలించాలి" అని ఉంది, "ఇవ్వాలి" అని లేదు. ఆ ఒక్క క్రియాపదం మీద ఏళ్లు గడిచాయి. 2019 ఫిబ్రవరి 27న పీయూష్ గోయల్ విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. ఆ తర్వాత కొన్నాళ్లు డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక) పరిశీలనలో ఉందన్నారు, ఇంకొన్నాళ్లు రాష్ట్రం స్థలం ఇవ్వలేదన్నారు, రాష్ట్రమేమో ముడసర్లోవ దగ్గర ఇచ్చామంది. చివరికి 2025 జనవరి 8న ప్రధాని మోదీ వచ్చి జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. ప్రకటనకీ పునాదిరాయికీ మధ్య దాదాపు ఆరేళ్లు. డీపీఆర్ మీద సంతకం ఏ తేదీకి చేస్తారు, ఎవరు చేయాలి అని మంత్రిని నిలబెట్టి ప్రతి సమావేశంలో అడిగి ఉంటే ఇన్నేళ్లు పట్టేదా అని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు బాధ. ఢిల్లీలో వైజాగ్‌కి ప్రతిపక్షం ఎవరు? 2019లో వైసీపీకి 22 మంది ఎంపీలు ఇచ్చాం. ఎన్డీయేలో లేరు గానీ వ్యవసాయ చట్టాలకు కూడా మద్దతిచ్చారు. 2024లో 25 సీట్లలో టీడీపీకి 16, బీజేపీకి 3, జనసేనకి 2, అంటే 21 మంది అధికార కూటమిలోనే కూర్చున్నారు. 240 దగ్గర ఆగిన బీజేపీకి ఆ 16 ఎంత అవసరమో అందరికీ తెలుసు. మా మాట ప్రభుత్వంలో చెల్లుతుంది, సభలో అడగాల్సిన పని లేదు అని వాళ్లు అనొచ్చు. 2025 జనవరిలో వచ్చిన 11,440 కోట్ల ప్యాకేజీ చూపించి అదే అంటారు కూడా. ఆ డబ్బు నిజం, దానివల్ల ప్లాంట్ ఊపిరి పీల్చుకున్నదీ నిజం. అందులో 10,300 కోట్లు మూలధనం, మిగతా 1,140 కోట్లు వర్కింగ్ క్యాపిటల్ అప్పుని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చింది. డబ్బు వచ్చింది కదా అని 2021 నాటి నిర్ణయం సంగతి అడగకుండా ఉండలేం, ఎందుకంటే నిలబెట్టిన ప్లాంట్‌ని ఎవరి కోసం నిలబెట్టారన్నది ఇంకా తేలాల్సిన విషయమే.

అధికార పక్షంలో ఉంటే అడగకూడదన్న రూలు ఎక్కడా లేదు. 1957లో ఎల్‌ఐసీ డబ్బుతో వ్యాపారి హరిదాస్ ముంధ్రా కంపెనీల షేర్లు కొన్న సంగతి సభలో ప్రశ్నగా మొదలైతే, జవాబుతో తృప్తి పడకుండా వెంటపడింది కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ. ప్రధాని నెహ్రూ సొంత అల్లుడు. అప్పుడు స్పీకర్ మన అనంతశయనం అయ్యంగార్. విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది, 1958 ఫిబ్రవరికల్లా ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అధికార పక్షం బెంచీ మీద కూర్చున్న మనిషే ఆ పని చేశాడు.

అంత దూరం ఎందుకు, ఈ ప్లాంట్ కథే ఉంది. 1966లో ఉక్కు కోసం అమృతరావు గారి దీక్ష, కాల్పులు ఇక్కడే జరిగాయి, రాష్ట్రమంతా కలిపి 32 ప్రాణాలు పోయాయి. 1967లో విశాఖ నుంచి గెలిచిన తెన్నేటి విశ్వనాథం గారు కాంగ్రెస్ మనిషి కాదు, ఆ మాటని సభలో సజీవంగా ఉంచారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ విశాఖకు ప్లాంట్ ఇస్తున్నామని చెప్పింది పార్లమెంటులోనే. ఇక్కడ బీచ్ రోడ్డు మీద మీటింగులో చెప్పి వెళ్లిపోలేదు.

సభలో అన్న మాటకి లెక్క ఉంటుంది. మంత్రి "పరిశీలిస్తాం", "సమాచారం సేకరిస్తున్నాం" అంటే దాన్ని హామీగా రాసుకుని మూడు నెలల్లో ఏం చేశారని అడిగే హామీల కమిటీ ఒకటి ఉంది. గడువు పొడిగించమని శాఖలు అడుగుతుంటాయి, అయినా అంతటితో ఫైలు మూసెయ్యరు. 2024 జూలైలో ఉక్కు మంత్రి కుమారస్వామి ప్లాంట్‌కి వచ్చి కార్మికులకు ధైర్యం చెప్పి వెళ్లారు, ఆ రోజు చాలామందికి కాస్త టెన్షన్ తగ్గింది. కానీ ప్లాంట్ గేటు దగ్గర చెప్పిన ధైర్యాన్ని ఏ కమిటీ రాసుకోదు.

మన ఎంపీ ఏ పార్టీవారైనా సరే, వచ్చే సమావేశాల్లో ఒక్క నక్షత్రం ప్రశ్న వేయాలి. ముక్కలు వద్దు, మనోభావాలు వద్దు. "2021 జనవరి 27న కేబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ ఆర్‌ఐఎన్‌ఎల్ గురించి తీసుకున్న నిర్ణయాన్ని అదే కమిటీ రద్దు చేసిందా? చేస్తే ఏ తేదీన?" ఇంతే, 150 పదాల్లో ఐదో వంతు కూడా కాదు. మంత్రి ప్యాకేజీ గురించి, ఉత్పత్తి గురించి, కార్మికుల సంక్షేమం గురించి చెప్పి కూర్చుంటారు. అప్పుడు మళ్లీ లేవాలి. "తేదీ చెప్పండి" అని అడగాలి.