రేడియేటర్‌లో పసుపు పోసే ముందు లీక్ ఎక్కడుందో చూడండి

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు నలుగురు పంపారు. "పాత స్పోర్ట్స్ కారులో కూలెంట్ లీకా? మెకానిక్ అక్కర్లేదు, ఈ 5 చిట్కాలు చాలు" అని ఉంటది, పైన ఎర్ర మియాటా (మాజ్దా వాళ్ళ చిన్న స్పోర్ట్స్ కారు) ఫొటో. కూలెంట్ అంటే ఇంజిన్‌ని చల్లబరచడానికి రేడియేటర్ గుండా తిరిగే ద్రవం. న్యూజెర్సీలో నా దగ్గర 1992 మియాటా ఉందని తెలిసి ప్రేమతోనే పంపుతున్నారు, కాదనను. కానీ నిన్న ఇక్కడే ఉండే ఒక తమ్ముడు ఆ చిట్కా చేసేసి అప్పుడు నాకు ఫోన్ చేశాడు, అందుకే రాస్తున్నా.

మొదటి చిట్కా, కింద తడి లేకపోతే లీక్ లేనట్టేనట. చిన్న లీక్ వేడి ఇంజిన్ మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతుంది, ఎండిన తెల్లటి చార ఒక్కటే మిగులుతుంది. హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారితే అసలు బయటికే రాదు, కార్పెట్ తడుస్తుంది, అద్దం మసకబారుతుంది, లోపల తియ్యటి వాసన వస్తుంది.

రెండోది, థర్మోస్టాట్ పీకేయమంటాడు, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు. లీక్‌కీ దానికీ ఏంటి సంబంధం? ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, కారేది మాత్రం కారుతూనే ఉంటది.

మూడోది, కూలెంట్ అంటే కంపెనీల మోసం, కుళాయి నీళ్ళు చాలని. ఇందులో ఒక నిజం ఉంది, ఒప్పుకుంటా: వేడిని లాక్కెళ్ళడంలో ఉత్త నీళ్ళే మేలు, దారిలో ఇరుక్కుంటే నీళ్ళు పోసుకునే ఇంటికి రండి, నేనూ అదే చేస్తా. కానీ అలాగే వదిలేస్తే జనవరిలో ఇక్కడ గడ్డకట్టి ఇంజిన్ బ్లాక్ పగులుతుంది. కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, పైగా అల్యూమినియం హెడ్ (ఇంజిన్ పైభాగం) లోపల తినేయకుండా కాపాడేది కూడా ఆ కూలెంటే.

ఐదోది ముందు చెప్తా, తమ్ముడు చేసింది అదే. రెండు చెంచాల పసుపు, చెంచా మిరియాల పొడి రేడియేటర్‌లో వేయాలట. పాత రోజుల్లో లారీ డ్రైవర్లు పసుపు వేసి ఊరు చేరిన మాట నిజమే, కానీ అవి రాగి, ఇత్తడి రేడియేటర్లు, ఊరు చేరాక విప్పి కడిగి సోల్డరింగ్ పెట్టించేవాళ్ళు. మియాటాది పైన ప్లాస్టిక్ ట్యాంకు, దానికి సోల్డరింగ్ ఎక్కడ పెడతారు? పొడికి కన్నం ఎక్కడుందో తెలీదండీ, ఇరుకు ఎక్కడుంటే అక్కడ పేరుకుంటుంది, అన్నిటికంటే ఇరుకు హీటర్ కోర్‌లోనే. తమ్ముడి కారులో లీక్ ఆగలేదు సరికదా హీటర్ చల్లబడిపోయింది, నిన్న సాయంత్రం గొట్టాలు విప్పి అటూ ఇటూ నీళ్ళు కొట్టి కడిగాం, పచ్చటి బురద వస్తూనే ఉంది.

ఇంతకీ లీక్ రేడియేటర్‌లో లేనే లేదు! ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, అక్కడ ప్రెషర్ టెస్టర్ బిగించి 13 పీఎస్ఐ ప్రెషర్ కొట్టి పావుగంట చూశాం (ఇక్కడ పార్ట్స్ షాపులో డిపాజిట్ కడితే టెస్టర్ ఇస్తారు), హెడ్ వెనక ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గరుండే హీటర్ గొట్టం చీలి, బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే డొప్ప) మీదుగా కారుతోంది. గేర్‌బాక్స్ లీకేమో అని భయపడుతున్నాడు పాపం. అదే ముందు వైపు టైమింగ్ కవర్ కింద నుంచి కారుతుంటే వాటర్ పంపుని అనుమానించాలి, దాన్ని మార్చాలంటే టైమింగ్ బెల్టు ఎలాగూ విప్పాలి కాబట్టి రెండూ ఒకేసారి మార్చుకోవడం మంచిది. రేడియేటర్ పైట్యాంకు నలుపు పోయి గోధుమ రంగుకి తిరిగితే పగలకముందే మార్చేయండి. ఎక్కడా తడి లేదు, అయినా లెవెల్ తగ్గుతోందంటే హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) టెస్ట్ చేయాలి, ఆ టెస్ట్ కిట్‌లో నీలం ద్రవం పసుపుపచ్చగా మారితే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తున్నట్టు.

ఇక నాలుగోది. "ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో మూత తిప్పితే లీక్ బయటపడుతుంది." ఇది రాసినవాడు ఎవరి చెయ్యైనా కాలితే వచ్చి చూస్తాడా? లోపల ప్రెషర్ ఉంది కాబట్టే 110 డిగ్రీల్లో కూడా మరగకుండా ఉంటుంది, మూత వదులైన క్షణంలో అదంతా ఒక్కసారిగా మరిగి మీ మొహం మీదకి చిమ్ముతుంది, తడిగుడ్డ ఏం ఆపుతుంది? పై గొట్టాన్ని చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉండాలి. అప్పటిదాకా, గంట పట్టినా రెండు గంటలు పట్టినా, మూత జోలికి పోవద్దు.

నేలమీద పడ్డ కూలెంట్ వెంటనే కడిగేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. ఆ మెసేజ్ మీరు ఏ గ్రూపులో పెట్టారో అక్కడికెళ్ళి ఇవాళే డిలీట్ చేయండి, ఎవరో ఒకరు నాలుగో చిట్కా చదివి బానెట్ ఎత్తకముందే.