నిజమైన పెళ్లికి దొంగ ప్రూఫ్‌లు ఎందుకు? స్పౌజ్ వీసా మెసేజీకి నా జవాబు

నెల రోజులుగా మా కజిన్స్ గ్రూపులో, అమ్మ వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే మెసేజీ తిరుగుతోంది. అమెరికా సిటిజన్‌ని పెళ్లి చేసుకున్న మన పిల్లలకు గ్రీన్ కార్డు తొందరగా రావాలంటే ఏం చేయాలో అందులో చెప్పారు. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే చాలట, కావాలంటే ముందే రిజిస్టర్ చేయించుకుని పెళ్లి తర్వాత చేసుకోవచ్చట. పెద్దలు కుదిర్చిన పెళ్లి అంటే అక్కడివాళ్లు నమ్మరు కాబట్టి లవ్ మ్యారేజ్ అని చెప్పాలట. జాయింట్ అకౌంట్ లేకపోతే రిజెక్టేనట. వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసి పంపాలట, ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పట్టాలట. కార్డు చేతికొచ్చాక ఆ కాగితాలన్నీ పారేసుకోవచ్చట.

చూసి వదిలేద్దామనుకున్నాను. కానీ మా చెల్లెలి ఫైలు పంపినప్పుడు మేమూ ఇలాంటి మాటలే నమ్మాం. దాని పెళ్లి 2022 మేలో తెనాలిలో జరిగింది. మా మరిది డల్లాస్‌లో ఉంటాడు, అమెరికా సిటిజన్. భార్యకు గ్రీన్ కార్డు ఇవ్వమని సిటిజన్ వేసే ఐ-130 ఫారంతో సర్టిఫికెట్, నలభై పెళ్లి ఫొటోలు పెట్టి పంపేశాం. కొన్ని నెలలకు ఆర్ఎఫ్ఈ వచ్చింది, అంటే ఇంకా ఆధారాలు పంపమని ఉత్తరం. దానికి ఇచ్చే గడువు ఎంత ఎక్కువైనా 12 వారాలే. పొడిగించమంటే పొడిగించరు. ఆ వారాల్లో ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

"సర్టిఫికెట్ ఒక్కటి చాలు, ముందే రిజిస్టర్ చేయించుకోండి."

అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు చూసేది రెండు విషయాలు. పెళ్లి జరిగిన చోట అది చట్టప్రకారం చెల్లుతుందా అనేది ఒకటి. ఆ ఇద్దరూ కలిసి బతకాలనే పెళ్లి చేసుకున్నారా అనేది రెండోది. 1975లో అక్కడి అప్పీల్స్ కోర్టు బార్క్ కేసులో తేల్చింది ఇదే: పెళ్లి చేసుకున్న నాటికి ఇద్దరికీ కలిసి కాపురం చేసే ఉద్దేశం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. సర్టిఫికెట్ జవాబిచ్చేది మొదటిదానికే. రెండోదాని గురించి అందులో ఒక్క అక్షరమూ ఉండదు.

ముందే రిజిస్టర్ చేయించుకుంటే ఆ మొదటిదీ పోతుంది. మన హిందూ వివాహ చట్టం 1955లోని ఏడో సెక్షన్ ప్రకారం పెళ్లి అంటే ఆ ఇంటి ఆచారం ప్రకారం జరిగిన తంతు. ఎనిమిదో సెక్షన్ కింద చేసే రిజిస్ట్రేషన్, జరిగిన పెళ్లిని నమోదు చేసుకోవడం మాత్రమే. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు డాలీ రాణి కేసులో దీన్ని స్పష్టంగా చెప్పింది. తంతు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో ఆ ఇద్దరూ భార్యాభర్తలు కారంది. విదేశీ వీసాల కోసం తొందరపడి ఇలా రిజిస్టర్ చేయించే తల్లిదండ్రుల సంగతీ ఆ తీర్పులో ఉంది. మన ఇళ్లలో జరిగేది అచ్చంగా అదే. ఫిబ్రవరిలో సర్టిఫికెట్, ఆగస్టులో పెళ్లి. ఫైల్లో శుభలేఖ మీద ఒక తేదీ, సర్టిఫికెట్ మీద ఇంకో తేదీ. ఆఫీసరు ఏ రోజున పెళ్లయిందని అడిగితే పిల్లలు ఏం చెప్పాలి?

నిజంగా ముందు రిజిస్టర్ కావాల్సిన అవసరమే ఉంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దాని కింద రిజిస్ట్రార్ ముందు జరిగేదే పెళ్లి. ముందుగా నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆగలేక అడ్డదారి తొక్కితే పెళ్లి చెల్లుతుందా అన్న ప్రశ్నే మెడకు చుట్టుకుంటుంది.

"అరేంజ్డ్ మ్యారేజ్ అంటే అనుమానిస్తారు. లవ్ అని చెప్పండి, పెళ్లికి ముందు చాట్లు సృష్టించండి."

ఈ మెసేజీలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. ప్రేమించి చేసుకుంటేనే పెళ్లి అని అమెరికా చట్టంలో ఎక్కడా లేదు. పైగా కాబోయే భార్య, భర్త కోసం ఉన్న కె-1 వీసా నిబంధనలు చూడండి. అప్లై చేసే ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా నేరుగా కలిసి ఉండాలన్నది షరతు. తల్లిదండ్రులు సంబంధం కుదిర్చి, పెళ్లిరోజు దాకా ఒకరినొకరు చూడకూడదనే ఆచారం ఉన్నవాళ్లకు దాన్నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. అంటే పెద్దలు కుదిర్చిన పెళ్లి వాళ్లకు తెలియని వింత కాదు.

సృష్టించిన చాట్ సంగతికొద్దాం. పెళ్లి నిజమైనదే. కానీ 2020 నుంచి ప్రేమించుకున్నామని ఫైల్లో రాసి, ఇంటర్వ్యూలో పెళ్లిచూపుల్లో కలిశామని నోరు జారితే ఏమవుతుంది? కీలకమైన విషయంలో అబద్ధం చెప్పి వీసా అడిగారని తేలితే అమెరికాలోకి శాశ్వతంగా అనర్హత పడే ప్రమాదం ఉంది. దొంగ పెళ్లి చేసుకున్నవాళ్లకు పడాల్సిన శిక్ష, అసలైన పెళ్లి చేసుకున్న పిల్లల మీదకు మనమే తెచ్చిపెడుతున్నాం.

అరేంజ్డ్ మ్యారేజ్‌లో ఆధారాలు ఉండవనుకోవడమూ పొరపాటే. ఆర్ఎఫ్ఈ వచ్చాక అమ్మ బీరువా తీసి మంచం మీద పరిస్తే ఎన్ని దొరికాయో! పెళ్లిళ్ల పేరయ్య వాట్సాప్‌లో పంపిన బయోడేటా. జాతకాలు కలిశాయని నాన్నగారు మరిది వాళ్ల నాన్నగారికి పెట్టిన మెసేజీ. పెళ్లిచూపుల రోజు మా బాబాయి తీసిన ఫొటో. నాలుగు మూలలా పసుపు రాసిన లగ్నపత్రిక, కింద పురోహితుడి సంతకం, తేదీ. ఫంక్షన్ హాలు బిల్లు. చదివింపుల పుస్తకంలో పద్దెనిమిది పేజీల పేర్లు, పేరు పక్కన 516, 1,116 అని అంకెలు. సంబంధం మొదలైన రోజు నుంచి పెళ్లి దాకా వరసగా కథంతా అక్కడే ఉంది. ఏదీ కొత్తగా తయారు చేయక్కర్లేదు. లగ్నపత్రికకు, శుభలేఖకు, చదివింపుల పుస్తకంలో మొదటి రెండు పేజీలకు ఇంగ్లిషు అనువాదం నేనే చేశాను. రెండు భాషలూ వచ్చినవాళ్లు ఎవరైనా పూర్తిగా, సరిగ్గా అనువదించామని రాసి సంతకం చేస్తే సరిపోతుంది. నోటరీ అవసరం లేదు.

ఫొటోలు కూడా నలభై నుంచి పన్నెండుకు తగ్గించాం. ప్రతిదాని కింద తేదీ, ఊరు, అందులో ఎవరున్నారో రాశాం. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో చూసి ఆ ఆఫీసరుకు ఏం తెలుస్తుంది? పెళ్లిలో అసలు ఘట్టం అదేనని ఒక వాక్యం రాయాలి. ఆషాఢం గురించీ రాయాల్సి వచ్చింది. పెళ్లయిన నెలా రెండు నెలలకే అమ్మాయి అత్తవారి చిరునామా వదిలి పుట్టింటి చిరునామాకు ఎందుకు వచ్చిందో బయటివాళ్లకు అనుమానంగానే ఉంటుంది కదా.

"జాయింట్ అకౌంట్ లేకపోతే రిజెక్ట్."

జాయింట్ అకౌంట్ మంచి ఆధారమే. కానీ తప్పనిసరి అని ఎక్కడా లేదు. ఐ-130 సూచనల్లో ఇచ్చిన జాబితాలో ఇద్దరి పేరున ఆస్తి, ఇద్దరి పేరున అద్దె ఒప్పందం, కలిసిన డబ్బు లావాదేవీలు, పిల్లల జనన పత్రాలు, తెలిసినవాళ్ల అఫిడవిట్లు, ఇంకా వేరే ఏ పత్రమైనా అని ఉంటుంది. 1983లో అక్కడి ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు లారియానో కేసులో ఇచ్చిన తీర్పు ఇన్సూరెన్స్, అద్దె, ట్యాక్స్, బ్యాంకు కాగితాలతో పాటు పరిచయం ఎలా జరిగింది, పెళ్లి ఎలా జరిగిందన్న సాక్ష్యాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చంది. భార్య తెనాలిలో, భర్త డల్లాస్‌లో ఉంటే ఇద్దరి పేరున అద్దె ఇల్లు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఉన్నవి చూపించాలి. మా మరిది నెలనెలా పంపిన డబ్బు, ఆఫీసు ఇన్సూరెన్స్‌లో, 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో నామినీగా మా చెల్లెలి పేరు, సంక్రాంతికి వచ్చినప్పటి పాస్‌పోర్టు స్టాంపులు పెట్టాం. ఇక్కడ జాయింట్ అకౌంట్ కావాలంటే విదేశాల్లో ఉండే మనవాళ్లు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఎన్ఆర్ఓ ఖాతాలో ఇండియాలో ఉన్న భార్యను చేర్చుకోవచ్చు. అప్లై చేసే ముందు వారం తెరిచి, లక్ష వేసి, మళ్లీ ముట్టుకోని ఖాతా మాత్రం ఆ ఫైలు కోసమే తెరిచారని తానే చెప్పేస్తుంది.

ఇక్కడే అందరూ మర్చిపోయేది ట్యాక్స్. డిసెంబరు 31 నాటికి పెళ్లయి ఉంటే, భార్య ఇండియాలో ఉన్నా సరే, ఆ ఏడాదికి సింగిల్ అని ఫైల్ చేయకూడదు. మా మరిదికి ట్యాక్స్ చేసిపెట్టినవాళ్లు పాత పద్ధతిలోనే సింగిల్ అని పెట్టేశారు. ఒకవైపు నాకు పెళ్లయింది, భార్యను పంపండి అని అడుగుతూ, ఇంకోవైపు నాకు పెళ్లి కాలేదని అదే ప్రభుత్వానికి సంతకం చేసి ఇచ్చినట్టయింది. 1040-ఎక్స్ ఫారంతో సరిచేసి, ఆ కాపీ కూడా జతచేశాం.

అఫిడవిట్ల గురించి ఒక మాట. "వీరు ఆదర్శ దంపతులు" అని పదిమంది చేత రాయిస్తే ఉపయోగం లేదు. రాసినవాళ్ల పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు ఉండాలి. తమకు ఈ పెళ్లి గురించి ఎలా తెలుసో ఉండాలి. మా పక్కింటి పిన్నిగారు రాసింది అర పేజీయే. రోజూ పొద్దున ఏడింటికి మేడ మీద అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుతూ కనిపిస్తుందని, సంక్రాంతికి అల్లుడు వచ్చినప్పుడు తమ ఇంట్లో ఇద్దరూ భోజనం చేశారని, ఆ రోజు గోంగూర పచ్చడి అడిగి మళ్లీ వేయించుకున్నాడని రాశారు. అంత వివరంగా రాస్తేనే చూసినవాళ్లు రాశారని నమ్మకం కలుగుతుంది.

చాట్ మొత్తం ప్రింట్ తీయమన్నారు. వద్దు. వేల పేజీలు ఎవరూ చదవరు. నెలకు ఒకటి రెండు పేజీలు, కాల్ లాగ్ చాలు. తెలుగులో ఉన్నవాటికి అనువాదం కావాలి, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగుకైనా సరే. జవాబులు బట్టీ పట్టడమూ అంతే. అనుమానం వస్తే ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. గుర్తులేనిదానికి గుర్తులేదని చెప్పొచ్చు, అందులో తప్పేమీ లేదు.

"కార్డు వచ్చాక కాగితాలు పారేయొచ్చు."

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది ప్రత్యేకంగా చదవాలి. 1986లో వచ్చిన చట్టం వల్ల, గ్రీన్ కార్డు హోదా వచ్చే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డే ఇస్తారు. మా చెల్లెలు 2024 మార్చిలో అమెరికా చేరింది. మే దాటాక వచ్చి ఉంటే పదేళ్ల కార్డే వచ్చేది. రెండేళ్ల కార్డయితే గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలు కలిసి, ఆ షరతులు తీసేయమని అడిగే ఐ-751 ఫారం ఫైల్ చేయాలి, కాపురం నిజమని మళ్లీ ఆధారాలు చూపించాలి. పారేయమన్న కాగితాలే అప్పుడు కావాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. "నేను సంతకం పెట్టకపోతే నీ కార్డు పోతుంది" అని బెదిరించే భర్తలున్నారు. ఆ మాట నిజం కాదు. విడాకులు అయిపోయినా, భర్త హింస పెట్టినా, పెళ్లి మంచి ఉద్దేశంతోనే చేసుకున్నానని చూపించి అమ్మాయి ఒక్కతే ఐ-751 వేసుకోవచ్చు. దానికి ఆ 90 రోజుల గడువు కూడా వర్తించదు. కానీ చూపించడానికి కాగితాలు ఆమె దగ్గర ఉండాలి. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, ట్యాక్స్ రిటర్న్, ఇన్సూరెన్స్ అన్నీ ఆయన ఈమెయిల్‌లోనే ఉండి, పాస్‌వర్డ్ ఆయనకే తెలిస్తే ఆ పిల్ల ఏం చూపిస్తుంది?

మా మరిది మంచివాడు. అయినా అమెరికా చేరిన వారానికే చెల్లెలి చేత దాని సొంత ఈమెయిల్‌లో ఒక ఫోల్డర్ పెట్టించాను, నెలకోసారి వచ్చిన బిల్లులు అందులో వేసుకుంటుంది. లగ్నపత్రిక అసలు కాగితం ఇంకా అమ్మ బీరువాలోనే ఉంది. మీ అమ్మాయి అక్కడ ఉంటే, ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఆ కాపీలు తన దగ్గర ఉన్నాయో లేదో అడగండి.